కుండీ జరపొద్దు వదినా

మూడో అంతస్తు, వెనక గది

గడుగ్గాయికి,

వదిన రాసేది. ఉత్తరమేమిటి, ఫోన్ లేదా అని నవ్వకు. ఫోన్ మోగితే చాలు, మీ అమ్మగారు మంచం మీద నుంచే స్పీకర్ పెట్టమంటారు. పెట్టాక మనిద్దరం మాట్లాడుకునేది తిన్నావా, తిన్నాను. పక్షవాతం ఆవిడ కుడి చెయ్యి, కుడి కాలు పట్టుకుపోయింది కానీ చెవుల జోలికి పోలేదు. మీ వంతెన దగ్గర సిగ్నల్ కూడా అంతంత మాత్రమే. అందుకని కాగితం మీద పడ్డాను.

నువ్వు వెళ్తూ వెళ్తూ నా చేతిలో రెండు పెట్టి వెళ్ళావు. ఒకటి అత్తయ్య, రెండోది నీ ఎర్ర మందారం కుండీ. అత్తయ్య బాగానే ఉన్నారు. మందారమే దిగులుపడింది. కింది ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోస్తూనే ఉన్నాను. వానపడిన రోజు కూడా మానలేదు. ఇంకా పొయ్యాలా? చూస్తే భయమేస్తోంది, నువ్వు వచ్చేసరికి పుల్లలు అప్పజెప్పాల్సి వస్తుందేమోనని.

నా సంగతి అడుగుతావేమో. ఆవిణ్ణి ఒంటరిగా వదలకూడదని డాక్టరు చెప్పాడు కదా, కూరలకి వెళ్ళాలన్నా కింద కుట్టుమిషను ఆవిణ్ణి బతిమాలి కూర్చోబెట్టి వెళ్తున్నాను. మీ అన్నయ్య కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు. లేచాక ఏది అడిగినా "చెల్లి వచ్చాక చూద్దాం" అంటాడు. ఫ్యాను రిపేరుకి కూడా అదే జవాబు.

పళ్ళు కట్టే ల్యాబ్‌లో నా బల్లని మా మేడమ్ ఎండలు మొదలయ్యేదాకా అలాగే ఉంచుతానంది. కిటికీ పక్క బల్ల. పంటి రంగు సరిపోల్చాలంటే ఆ వెలుతురే కావాలి. ఆలోపు వస్తానన్నావు, ఆ ధైర్యంతోనే సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. నాకు ఊపిరాడనివ్వనిది ఈ ఇల్లు కాదు, ఈ గది.

మందారం సంగతి వెంటనే రాయి.

వదిన

*

వంతెన పని దగ్గర, రేకుల గది

వదినమ్మకి,

నీళ్ళు పోసి మరీ హత్య చేస్తున్నావు. నా మందారానికి దాహం కాదు, ఊపిరాడటం లేదు. కింది ఆకులు అలా పండిపోతున్నాయంటే వేళ్ళు తడిలో నానుతున్నాయన్నమాట. రేపటి నుంచి చెంబు పట్టుకునే ముందు వేలు మట్టిలో గుచ్చు, మొదటి కణుపు మునిగేదాకా. పొడిగా ఉంటేనే పొయ్యి. తడి తగిలిందా, ఆ పూటకి దాని మొహం చూడకు. పోసినప్పుడు మాత్రం పిసినారితనం చెయ్యకు, కింద కన్నంలోంచి కారాలి. కారకపోతే కన్నం పూడుకుపోయినట్టు. కుండీని పక్కకి ఒరిగించి పుల్లతో పొడిచి చూడు. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవ ఉంచకు.

ఇక్కడ నక్షాలు గీసేవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మొదట్లో అందరూ నా బల్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడేవారు, ఇప్పుడు తప్పులు వెతుక్కోవడానికి మాత్రమే వస్తున్నారు. ఏటిలో స్తంభాలు లేచాయి. సాయంత్రం పని అవ్వగానే గట్టు మీద నడుస్తాను వదినా. ఎక్కడికీ కాదు, ఊరికే. వెనక్కి తిరగమని ఎవరూ పిలవరు.

వంతెన పూర్తవగానే, ఎండలు మొదలయ్యేలోపు వచ్చి వాలతాను. నా మందారాన్ని బతికించు, నీకు పుణ్యముంటుంది.

గడుగ్గాయి

*

మూడో అంతస్తు, వెనక గది

గడుగ్గాయికి,

నీ వైద్యం పనిచేసింది. కన్నంలో ఒక వేరు బిరడాలా బిగుసుకుపోయింది. పొడిచేసరికి నల్లటి నీళ్ళు బాల్కనీ అంతా పారి కింద కుట్టుమిషను ఆవిడ ఆరేసిన దుప్పటి మీద పడ్డాయి. ఆ గొడవ తీర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అయితేనేం, కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి. మొగ్గలు కూడా తొడిగింది.

ఇప్పుడు ఇంకో చిక్కు. మొగ్గ గింజంత ఉన్నంతసేపూ బాగుంటుంది, విచ్చుకుంటుందనుకునే రోజుకి మెడ దగ్గర పసుపెక్కి టప్పున రాలిపోతోంది. ఒకటి కాదు, అన్నీ అంతే. పైగా చిగుళ్ళ సందుల్లో దూది అంటించినట్టు తెల్లగా ఏదో పట్టింది. దాని చుట్టూ చీమలు తిరునాళ్ళకి వచ్చినట్టు తిరుగుతున్నాయి.

ఒకటి చెప్పాలి. అత్తయ్యకి పువ్వు పూస్తే మంచం మీద నుంచి కనబడాలట. అందుకని పొద్దున కుండీని ఆవిడ కిటికీ ముందుకి ఈడుస్తాను, ఎండ కోసం మధ్యాహ్నం మళ్ళీ బాల్కనీ చివరికి లాగుతాను. నా నడుం నాకు చెబుతూనే ఉంది ఇది పిచ్చిపని అని. ఆవిడ అడిగేదే తక్కువ, కాదనలేకపోయాను.

మొన్న మా ల్యాబ్ మేడమ్ ఆయాసపడుతూ మెట్లెక్కి ఇంటికొచ్చింది. ఎవరో బడి పంతులుగారి ముందు పన్ను, ఎన్నిసార్లు చేసినా పక్క పంటితో కలవటం లేదట. కిటికీ దగ్గర పెట్టుకుని చూశాను. తెలుపు ఎక్కువైంది, అంచున కాస్త బూడిద రంగు పడాలి అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెళ్తూ మాత్రం నిక్కచ్చిగా చెప్పింది, ఎండలు మొదలయ్యాక ఆ బల్ల ఖాళీగా ఉంచలేనని. ఆ పైన ఎవరినో కూర్చోబెడుతుంది. కూర్చోబెట్టాక లేపదు, ఆవిడ అలాంటి మనిషి కాదు.

మేడమ్ వెళ్ళాక అత్తయ్య, నేను పనిలోకి పోతే తనని ఎవరు చూస్తారని అడిగారు. మీ అమ్మాయి వస్తుందిగా అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు.

వదిన

*

వంతెన పని దగ్గర, రేకుల గది

వదినా,

కుండీ జరపొద్దు. మొగ్గలు రాలడానికి సగం కారణం అదే. మందారానికి వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో అలవాటవుతుంది. మొగ్గ మీద ఉన్నప్పుడు చోటు మారిస్తే అలిగి రాల్చేస్తుంది. ఎండ ఎక్కువసేపు పడే చోట ఒకసారి పెట్టి ఇక వదిలెయ్యి. మిగతా సగం నీళ్ళ దగ్గర. ఒకరోజు నానబెట్టి ఇంకోరోజు ఎండగట్టకు. రాలిన మొగ్గ ఒకటి చీల్చి చూడు, లోపల సన్నటి పురుగులుంటే రాలినవన్నీ ఏరి బయట పారెయ్యాలి, కుండీలో కుళ్ళనివ్వకూడదు.

ఆ దూది పిండినల్లి. తడిగుడ్డతో తుడిచి, బట్టల సబ్బు కాస్త నీళ్ళలో కలిపి కొట్టు, ఆకుల అడుగున ముఖ్యం. మర్నాడు మంచినీళ్ళతో కడుగు. వారానికోసారి, అవి కనబడటం మానేదాకా. చీమల దారి ఆపకపోతే ఎంత కొట్టినా దండగ, నల్లిని మోసుకొచ్చి కూర్చోబెట్టేవి చీమలే.

మన మందారం మొండిది, తట్టుకుంటుంది. ఇక్కడ ఏటికి నీళ్ళొచ్చి పని కొంచెం వెనకబడింది.

గడుగ్గాయి

*

మూడో అంతస్తు, వెనక గది

గడుగ్గాయికి,

పిండినల్లి పోయింది. కుండీ జరపటం మానేశాను. అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అద్దం తెమ్మన్నారు. అద్దాన్ని బీరువాకి ఆనించి, వంచి, సర్ది, చివరికి ఆవిడకి బాల్కనీ చివర కనబడేలా చేశాను. ఆ రోజే పువ్వు పూసింది. సాయంత్రానికి ముడుచుకుపోయే దాని కోసం ఎంత హంగామా అనుకున్నాను కానీ ఆవిడ దానిమీద నుంచి చూపు తిప్పలేదు.

నీకు తప్ప ఇది ఎవరికీ చెప్పలేను. మొన్న సబ్బు కొనడానికి కిందికి వెళ్ళాను. కొట్టు వీధి మలుపులోనే కదా, నేను మలుపు దాటిపోయాను. ఎందుకు దాటానో తెలీదు. బస్టాపు దగ్గరికి వచ్చేసరికి నేను రోజూ ల్యాబ్‌కి ఎక్కే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు నన్ను గుర్తుపట్టాడు. "ఏమ్మా, చాన్నాళ్ళకి. ఎక్కండి," అన్నాడు. చేతిలో సంచి, కాళ్ళకి ఇంట్లో తిరిగే చెప్పులు. ఎక్కి కూర్చుంటే ఏమవుతుందో ఒక్క క్షణంలో అంతా కళ్ళ ముందు కదిలింది. కుట్టుమిషను ఆవిడ కాసేపు చూసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది, అత్తయ్య మంచినీళ్ళు అడుగుతారు, పక్కగదిలో మీ అన్నయ్యకి మెలకువ రాదు. ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడి ఏడ్చాను. జనం చూస్తున్నారని కూడా అనిపించలేదు.

సబ్బు మర్చిపోయి వచ్చాను. మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

పొద్దున కప్పుకున్న దుప్పటి మధ్యాహ్నానికి బరువుగా ఉంటోంది. చలి వెళ్ళిపోతోంది. నువ్వు ఎప్పుడొస్తావో తేదీ రాయి. అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఏదో ఒక తేదీ. మేడమ్‌కి చెప్పుకోవాలి.

వదిన

*

వంతెన పని దగ్గర, రేకుల గది

వదినకి,

పువ్వు పూసిందంటే సంతోషం వేసింది. ఇప్పుడు సరిగ్గా కత్తిరించే అదను. చలి పూర్తిగా పోయేలోపు కొమ్మల్ని సగానికి కొట్టెయ్యి. భయపడకు. మందారం పాత కొమ్మకి పూయదు, కొత్త చిగురుకే పూస్తుంది. ముందు కత్తెరని వేడినీళ్ళలో కడుగు. బయటి వైపుకి చూసే కణుపు ఉంటుంది కదా, దానికి కాస్త పైన ఏటవాలుగా కొయ్యి. కన్నంలోకే వేరు వచ్చిందన్నావంటే లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. కుండీ మార్చాలి. మరీ పెద్దది వద్దు, ఇప్పటిదానికంటే నాలుగు వేళ్ళు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో తడి ఆరదు, మళ్ళీ ఆకులు పండుతాయి. మట్టిలో ఇసుక, చివికిన పేడ కలుపు. చుట్టుకున్న వేళ్ళని చేత్తో మెల్లగా విడదీయి.

కత్తిరించాక కొన్నాళ్ళు మోడులా ఉంటుంది, కంగారుపడకు. ఎండలకి చిగురిస్తుంది. అప్పుడు ఎరువు కొంచెం కొంచెంగా, ఎక్కువైతే ఆకులే తప్ప పూలు రావు. వానలకి విరగబూస్తుంది. వచ్చే చలికాలం మళ్ళీ కత్తిరించు, ఈసారి సగం అక్కర్లేదు, చివర్లు చాలు. ఆ పై ఏడు ఆకుల మీద ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా వస్తే మట్టిలో సత్తువ అయిపోయిందని గుర్తు, పైమట్టి తీసి కొత్తది వెయ్యి. ఇలా చూసుకున్నావంటే నీ మందారం ఏళ్ళ తరబడి పూస్తుంది.

పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

గడుగ్గాయి

*

మూడో అంతస్తు, వెనక గది

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. తేదీ అడిగితే వచ్చే చలికాలం కత్తెర పాఠం చెప్పారు. ఆ పై ఏడు పైమట్టి సంగతి కూడా చెప్పారు. ఎండలు మొదలయ్యేలోపు రావాల్సిన మనిషి తన మొక్క గురించి అంత దూరం నాకెందుకు అప్పజెబుతోందని రాత్రంతా ఆలోచించలేదు, చదవగానే అర్థమైంది.

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొదటిదాంట్లో నా మందారం అని రాశారు. నేను పొరపాటున చంపేస్తానేమోనని ఎంత కంగారుపడ్డారో. రెండోదాంట్లో మన మందారం అయింది. అప్పుడు ముచ్చటపడ్డాను, నన్ను కలుపుకున్నారు కదా అని. మూడోదాంట్లో నీ మందారం. ఒక్క అక్షరం కదిలించి మొత్తం నా నెత్తిన పెట్టి మీరు పక్కకి తప్పుకున్నారు. నక్షాలు గీసే మనిషి, గీత ఎక్కడ జరిగిందో ఎవరూ చూడరనుకున్నారా?

ఇంకొకటి కూడా ఇప్పుడే గమనించాను. ఇన్ని ఉత్తరాల్లో ఆకు ఎలా ఉంది, మొగ్గ ఎలా ఉంది అని రాశారు కానీ మీ అమ్మ ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

నాకు ఎరువు మోతాదు వద్దు. మీరు వస్తున్నారా, లేదా? నీళ్ళు నమలకుండా రాయండి. కాదంటే తట్టుకుంటాను. ఇలా ఎదురుచూడటం మాత్రం ఇక నావల్ల కాదు.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య

*

వంతెన పని దగ్గర, రేకుల గది

వదినా,

నన్ను మీరు అనకు, చచ్చిపోయినట్టుంది.

రావటం లేదు. వంతెన అయిపోవచ్చింది, దాని తర్వాత ఇక్కడి ఆఫీసులోనే నాకు శాశ్వతంగా ఉద్యోగం ఇచ్చారు. కుండీ జరపొద్దని రాసిన వారమే సంతకం పెట్టాను. ప్రతిసారీ తేదీ గురించి నిజం రాద్దామని మొదలుపెట్టేదాన్ని. చెయ్యి ఆగిపోయేది. మందారం గురించి రాస్తే ఆగేది కాదు.

అమ్మ ఎలా ఉందని అడగలేదన్నావు. అడిగితే నువ్వు చెబుతావు. చెబితే నాకు ఆ గది కనిపిస్తుంది. ఫినాయిలు వాసన, తిరగని ఫ్యాను, నాలుగు వైపులా అవే గోడలు. అమ్మ పడిపోయిన రోజు నుంచి నువ్వు కాపురానికి వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆ గది నాదే వదినా. నువ్వు పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని ల్యాబ్‌కి వెళ్తుంటే బాల్కనీలో నిలబడి చూసేదాన్ని. చెయ్యి ఊపేదాన్ని, నువ్వూ ఊపేదానివి. నువ్వు మలుపు తిరిగాక లోపలికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. నీ మీద కోపం లేదు, నువ్వెప్పుడూ నన్ను తక్కువగా చూడలేదు. కానీ నీకు ఒక్కరోజు కూడా అనిపించలేదు కదా, ఈ పిల్ల ఎప్పుడు బయటికి పోతుందని. ఆ మందారం కొన్నది కూడా అందుకే, నాతోపాటు ఆ బాల్కనీలో ఇంకోటి ఉంటుందని.

అమ్మంటే నాకు ప్రాణం. ఆ గదిలోకి మాత్రం రాలేను. వస్తే మళ్ళీ ఎవరూ బయటికి వదలరు. మీరెవరూ చెడ్డవాళ్ళు కాబట్టి కాదు, నేను ఇంట్లో ఉంటే అందరికీ సుఖం కాబట్టి.

నన్ను తిట్టు. రమ్మని మాత్రం అనకు.

నీ గడుగ్గాయి

*

ల్యాబ్, గోడ వైపు బల్ల

గడుగ్గాయికి,

నీ ఉత్తరం చదివి ముందు బండబూతులు తిట్టాను. మనసులోనే అనుకో, అత్తయ్య చెవులు తెలుసుగా. తర్వాత ఆ బాల్కనీలో నిలబడి వీధి మలుపు చూశాను. నువ్వు చెయ్యి ఊపటం గుర్తుంది. సంతోషంగా ఊపుతున్నావనుకునేదాన్ని. నిజమే, నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. దీనికి ఇంకేం రాయను, ఏం రాసినా చాలదు.

మీ అన్నయ్య నిద్ర లేచాక ఉత్తరం చేతిలో పెట్టాను. చదివి అలవాటుగా, "అయితే చెల్లి వచ్చాక..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను సోమవారం నుంచి పనిలోకి పోతున్నానన్నాను. మరి అమ్మ సంగతి అన్నాడు. నువ్వున్నావుగా అన్నాను. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ నువ్వూ నేనూ ఒకరి చేతిలో ఒకరం ఆ గదిని పెట్టుకుంటున్నాం తప్ప, గుమ్మం అవతల నిలబడ్డ మనిషిని పిలవలేదు. ఆయన గొంతు తగ్గించి, "మగాణ్ణి, అమ్మకి ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం నేనెలా చేస్తానే? ఆవిడకి సిగ్గుగా ఉండదా?" అన్నాడు.

లోపల్నుంచి అత్తయ్య పిలిచారు. ఇద్దరం వెళ్ళాం. ఆవిడ నా వైపు చూడలేదు, కొడుకునే చూశారు.

"నీకు ముడ్డి కడిగినన్నాళ్ళు నాకు సిగ్గెయ్యలేదురా. ఇప్పుడూ ఎయ్యదు. ఎడంచేత్తో నేను సాయం పడతాను. నేర్చుకో," అన్నారు.

ఆయన అక్కడే మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. నేను వంటింట్లోకి వచ్చేశాను. కాసేపటికి ఆవిడ అమ్మాయ్ అని పిలిచి, నువ్వు రావన్న సంగతి నువ్వు పెట్టె సర్దుకున్న రోజే తెలుసునని చెప్పారు. ఎండాకాలం కట్టుకునే నూలు బట్టలు కూడా పెట్టుకున్నావట. నాకు చెప్పలేదేమని అడిగితే, "చెబితే నువ్వూ వెళ్ళిపోతావని భయం వేసింది," అన్నారు. దాచకుండా అలా అనేసరికి నాకు కోపం కూడా రాలేదు.

కాబట్టి ఇప్పుడు ఇక్కడున్నాను. కిటికీ పక్క బల్ల పోయింది. నేను వెళ్ళేసరికి రెండు రోజులు ఆలస్యం, అక్కడ కొత్తమ్మాయి కూర్చుంది. నాకు గోడ వైపుది ఇచ్చారు, మధ్యాహ్నం దాకానే పని. రంగు చూడాలంటే చేతిలో పన్ను పట్టుకుని వరండాలోకి నడవాలి. నడుస్తున్నాను. మొదటిరోజు మైనం కరిగించబోయి వేలు కాల్చుకున్నాను, చూపంతా గడియారం మీదే ఉంది. ఇంటికి పరిగెత్తుకెళ్ళి చూస్తే అత్తయ్య జాకెట్టు తిరగేసి తొడిగి ఉంది, జడ ఒక చెవి మీదికి వచ్చింది. నిద్ర లేక మీ అన్నయ్య మొహం పీక్కుపోయింది. దువ్వెన జారిందని నా మీద ఇల్లెగరగొట్టిన అత్తయ్య, ఆయన్ని ఒక్క మాట అనలేదు. సరిచెయ్యబోతే నన్నే వద్దన్నారు.

అంతా చక్కబడిందని రాస్తే అబద్ధం. ఆయన డ్యూటీ నుంచి వచ్చి నిద్ర ఆపుకుంటున్నాడు, ఎన్నాళ్ళు చేస్తాడో తెలీదు. ఒంట్లో బాగాలేదని ఒక రోజు అంటాడు, ఆ రోజు నేను ఆగిపోతాను. తలుపు కొంచెం తెరుచుకుంది, అంతే. మందారాన్ని సగానికి కత్తిరించి కుండీ మార్చాను. వేళ్ళు నువ్వన్నట్టే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, విడదీస్తుంటే కొన్ని తెగాయి. ఇంకా చిగురు రాలేదు.

నువ్వు రమ్మనకు అన్నావు. అయినా అంటున్నాను. ఉండటానికి కాదు, చూడటానికి. అత్తయ్య నోరు తెరిచి అడగరు, కానీ మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా తల తిప్పుతారు. వచ్చేటప్పుడు తిరుగు టికెట్టు కూడా కొనుక్కునే రా. ఆ టికెట్టు ఇంట్లో ఎవరికీ ఇవ్వకు, దాచిపెడతానన్నా నాకు ఇవ్వకు. నువ్వు గుమ్మంలో కనబడగానే నాకు మొదట వచ్చే ఆలోచన ఏమిటో నాకు తెలుసు. నీ దగ్గరే ఉంచుకో.

వదిన